మేకపోతు తలకాయ ఎవరిది

బుద్ధి తెలిసినప్పటి నుంచి నేను మాంసం ముట్టలేదు. మేం కోమట్లం. పుట్టింట్లో కోడిగుడ్డు పేరెత్తినా మా అమ్మ నోరు పుక్కిలించమనేది. మెట్టినిల్లు తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే కొంటాలో. కిరాణా కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. నీసు వాసన ఆ గడప దాటి లోపలికి రాదు. అలాంటి నేను ఒక మేకపోతు తలకాయ కోసం ఏళ్ల తరబడి కుళ్లి చచ్చానంటే నవ్వుతారు. నవ్వండి. మా ఆయన రోజూ నవ్వుతూనే ఉన్నాడు.

విషయం చెబుతాను. ఇక్కడి కాలేజీలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు నేనే కోచ్‌ని. ఏటా చలికాలం శబరి నది ఒడ్డు మైదానంలో టోర్నమెంట్ పెడతారు. వెండి కప్పులూ షీల్డులూ ఉండవు. గెలిచిన జట్టుకు ఒక మేకపోతు. ఆట సాగినంతసేపూ దాన్ని గోలు పక్కన గుంజకు కట్టేస్తారు. మెడలో బంతిపూల దండ, నుదుట కుంకుమ. పాపం అది తన దండలో పూలు తానే నములుకుంటూ ఆట చూస్తుంటుంది. ఫైనల్ అవగానే నది ఇసుకలో కోసి, అక్కడే పొయ్యి పెట్టి వండుతారు. మాంసం అందరిదీ, ఓడినవాళ్లది కూడా. తలకాయ మాత్రం గెలిచిన కోచ్‌ది. దాన్ని నిప్పుల మీద కాల్చి, టేకాకులో పెట్టి, అందరూ చూస్తుండగా కోచ్ ముందు దించుతారు. అది ఎవరి ముందు దిగితే ఆ ఏడాదంతా ఈ మైదానానికి వాళ్లే పెద్ద. సంతకు పోతే పక్కకు జరిగి తోవ ఇస్తారు. ఏ పల్లెలో ఏ పిల్ల కాలు బాగుందో ముందు వాళ్లకే కబురు వస్తుంది.

ఎన్నో ఏళ్లు అది నా ముందే దిగింది. నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడేదాన్ని. టోర్నమెంట్ నడిపే పెద్దాయన ఆకు నా ముందు పెట్టేవాడు, నేను తల ఊపేదాన్ని, వంటవాళ్లు వెంటనే తీసుకుపోయి ముక్కలు చేసి పిల్లలకు పంచేవాళ్లు. నేను ముట్టుకునే పనే లేదు.

“నీసు ముట్టని దానివి, నీకెందుకే ఆ తలకాయ గోల?” అనేవాడు మా ఆయన.

“తినడానికి కాదు. నా ముందు పెట్టడానికి.”

“పెట్టించుకోని ఏం జేస్తవ్?”

“చూస్తా.”

ఇక ఆ పిల్ల సంగతి. భేజ్జి దాటి ఇంకా లోపలికి వెళ్తే వచ్చే ఒక దోర్ల గిరిజనుల పల్లె నుంచి వచ్చి ఇక్కడి హాస్టల్లో చేరింది. మొదటి రోజు ఎడమ కాలితో బంతిని తన్నితే అది పోయి శబరిలో పడింది. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపు తనే దూకి, ఈది, బంతిని గుండెకు అదుముకుని బయటికొచ్చింది. బూట్లు ఇస్తే పక్కన పెట్టింది. తెలుగు బాగానే మాట్లాడేది గానీ నన్నూ, ప్రిన్సిపాల్‌నూ, మేకపోతునూ ఒకే తీరుగా నువ్వు అనేది. పెనాల్టీ కొట్టే ముందు కాలి బొటనవేలు మట్టిలో గుచ్చి తిప్పేది. అందరూ అది గురి చూడడం అనుకునేవాళ్లు. కాదు, భయం వేస్తే అలా చేస్తుంది. అది నాకొక్కదానికే తెలుసు.

ఆ పిల్లకు ఆట నేర్పింది నేను. నేర్పడానికి సామాను ఏముంది నా దగ్గర? మా కొట్టులో ఖాళీ అయిన నూనె డబ్బాలు తెచ్చి వంకరటింకరగా నిలబెట్టి, వాటి సందుల్లోంచి బంతి నడిపించమనేదాన్ని. బంతి డబ్బాకు తగిలి చప్పుడైతే మళ్లీ మొదటికి రావాలి. ఆ డబ్బాల వరస ఏ పుస్తకంలోదీ కాదు, నా బుర్రలోంచి పుట్టింది. ఇది గుర్తుపెట్టుకోండి, నా కడుపు మంటలో సగం ఆ డబ్బాల గురించే.

ఆ పిల్ల చివరి ఏడాది మేం గెలిచాం. ఆ రోజు జనం ఎక్కువ, తోపులాట. పెద్దాయన ఆకు కింద పెట్టబోతుంటే ఎవరో వెనక నుంచి నెట్టారు, ఆకు వాలింది, తలకాయ జారి నా మీద పడబోయింది. నా కాళ్లకు కొత్త తెల్ల బూట్లు. అయ్యో అని రెండు చేతులతో పట్టేశాను. జన్మలో మొదటిసారి! ఒళ్లంతా జలదరించింది. పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా వాళ్ల చేతుల్లోకి తోసేసి, “పట్టు, పట్టు, ఇది నీదే” అన్నాను. పక్కనున్నది ఆ పిల్లే. నా ముఖం వంక వింతగా చూసింది. ఎవరికీ ముక్క పెట్టలేదు, తనూ తినలేదు. ఆకులో చుట్టి, తెల్లారి మొదటి బస్సుకే తమ ఊరికి తీసుకుపోయింది. ఇంట్లోవాళ్లకు పెట్టుకుంటుంది కాబోలు పాపం అనుకుని, నేను ఇంటికొచ్చి చేతులు పసుపుతో కడుక్కున్నాను.

ఆ తర్వాత మొదలైంది ఆ పిల్ల ఎదుగుదల. మొదట ఏదో ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరైంది. సంతోషించాను, అబద్ధం చెప్పను. తర్వాత కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో అమ్మాయిల జట్టుకు కోచ్ అయిందని ఒక లారీ డ్రైవరు మా కొట్టులో బీడీలు కొంటూ చెప్పాడు. అక్కడ గడ్డి మైదానమట, రాత్రి లైట్లట. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆ తర్వాత కోచ్‌ల పరీక్ష ఏదో రాసి లైసెన్సు తెచ్చుకుంది. దాని వెంటే జగదల్‌పూర్‌లో పెద్ద కాలేజీకి కోచ్. మా కొంటా వాళ్లందరూ నా దగ్గరికొచ్చి, “మీ పిల్ల మేడం, మీ పిల్ల!” అని చంకలు గుద్దుకోవడం. నా పిల్లైతే నాకు చెప్పి పోదా? ఏకు మేకై కూర్చుంది, నేను మాత్రం నూనె డబ్బాల మధ్యే ఉన్నాను.

ఒక రోజు హిందీ పేపర్లో బొమ్మ పడింది. ఛాతీ మీద కోచ్ అని రాసిన నీలం ట్రాక్‌సూటు, మెడలో విజిల్, ముందు నారింజ రంగు ప్లాస్టిక్ శంకువులు. ఆ శంకువుల వరస చూశాను. వంకరటింకరగా, నా డబ్బాల వరసే! ఒక్క వంపు కూడా మార్చలేదు. ముఖానికి దగ్గరగా పెట్టుకుని అక్షరం అక్షరం చదివాను. ఊరి పేరుంది, తండ్రి పేరుంది, మేకలు కాసిన సంగతుంది. నా పేరు లేదు. కొంటా అన్న మాటే లేదు. మా ఆయన ఎండుమిరపకాయలు పొట్లం కడుతుంటే ఆ కాగితం నేనే అందించాను.

అసూయ అంటారా? అసూయే. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆ పిల్ల జట్టు ఎక్కడైనా ఓడిందని తెలిస్తే ఆ పూట టీలో చక్కెర ఎక్కువ వేసుకునేదాన్ని.

ఫోన్లో ఒకసారి అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ ఒకాయన కనిపించాడు. వాళ్ల ఫుట్‌బాల్ వేరు. బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తుతారు, దానికి ఫుట్‌బాల్ అని పేరెందుకో వాళ్లకే తెలియాలి. ఆయన ముసలాయన. ఆయన దగ్గర పనిచేసిన కుర్రాళ్లు ఇప్పుడు వేరే వేరే కాలేజీలకు కోచ్‌లయ్యారట. వాళ్లందరి బొమ్మలూ ఒక చెట్టుకు కొమ్మల్లా గీసి గోడకు తగిలించారు. వాళ్లలో ఒకడు ఆ రోజే ఈయన్ని ఓడించాడు. ముసలాయన మైదానం మధ్యకు నడిచి వెళ్లి వాణ్ని కౌగిలించుకుని నవ్వుతున్నాడు. కింద హిందీలో అక్షరాలు: గురువుకు ఇంతకంటే గర్వం ఏముంది? ఛీ, అబద్ధాలకోరు అన్నాను పైకే. కెమెరా ఉంది కాబట్టి నవ్వాడు. ఇంటికెళ్లి కంచం విసిరేసి ఉంటాడు.

ఈ ఏడాది కబురొచ్చింది. ఆ పిల్ల తన జట్టుతో మా టోర్నమెంట్‌కు వస్తోంది. వెళ్లాక ఒక్కసారి కూడా రానిది, ఇప్పుడు జట్టును తోలుకుని వస్తోంది. నాకు విషయం అర్థమైపోయింది. గడ్డి మైదానం దొరికింది, లైట్లు దొరికాయి, పేపర్లో బొమ్మ పడింది. మిగిలింది నా తలకాయ ఒక్కటే, అదీ పట్టుకుపోవాలి. ఏమైనా సరే, ఈ ఒడ్డున అది ఇంకొకరి ముందు దిగకూడదు అనుకున్నాను. నా పిల్లలను పొద్దున్నే మంచులో పరుగెత్తించాను. గోల్‌కీపర్ దగ్గుతూ ఒక రోజు సెలవడిగితే, “దగ్గుతూనే దూకవే, బంతికి నీ దగ్గు వినపడదు” అన్నాను.

ఆ పిల్ల వ్యాను దిగి నేరుగా నా దగ్గరికొచ్చి కాళ్లకు దండం పెట్టింది. నేను చున్నీ సర్దుకున్నాను.

“మంచిగున్నవా మేడం? చిక్కినవ్.”

“నువ్వేం లావయ్యావులే,” అన్నాను. నిజానికి ఆ ట్రాక్‌సూటులో మహారాణిలా ఉంది.

ఫైనల్ మా ఇద్దరి జట్లకే పడింది. మొదటి గోలు మాదే. నేను గాల్లోకి ఎగిరిన ఎగురు చూసి గుంజకు కట్టిన మేకపోతు బెదిరింది. తెలుగులో, హిందీలో, హల్బీలో, వచ్చిన భాషలన్నిటిలో అరిచాను. ఆ పిల్ల మాత్రం గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. అరవడం లేదు, ఆటకంటే ఎక్కువగా నన్నే చూస్తోంది. తర్వాత వాళ్లొక గోలు వేసి సమం చేశారు. చివర్లో వాళ్ల పిల్ల ఒకతి, సన్నగా, చేపపిల్లలా ఉంది, బంతి అందుకుని మా వాళ్ల మధ్యలోకి వచ్చింది. ఆ నడక నాకు తెలుసు. కుడికి, ఎడమకు, మళ్లీ ఎడమకు. నా డబ్బాల వరస! మా పిల్లలు డబ్బాల్లాగే నిలబడిపోయారు. ఒక్క చప్పుడు కూడా కాలేదు, బంతి వలలో ఉంది.

ఓడిపోయాను. నా ఆటతోనే నన్ను ఓడించారు. నా పిల్లలు ఏడుస్తుంటే వాళ్లను ఓదార్చాలని కూడా తోచలేదు. ఇసుకలో పొయ్యి అంటించారు. సాయంత్రపు ఎండ నీళ్ల మీద ఇంకా ఉంది. ఇంటికి వెళ్లిపోదామని బూట్ల లేసులు విప్పి మళ్లీ కడుతూ కూర్చున్నాను, కాళ్లు కదలవే! అది ఆ పిల్ల ముందు దిగడం కళ్లారా చూస్తే గానీ నా కడుపు మంట చల్లారేలా లేదు, చూస్తే ఇంకా మండేలా ఉంది.

పెద్దాయన ఆకు తెచ్చి ఆ పిల్ల ముందు దించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ఆకును రెండు చేతులతో ఎత్తుకుంది, తినలేదు. జనం మధ్య నుంచి నడిచి వచ్చి నా ఎదురుగా ఇసుకలో కూర్చుని, ఆకును మా ఇద్దరి మధ్య పెట్టింది. కాలిన వెంట్రుకల వాసన గుప్పుమంది.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఏందే, బిచ్చం ఏస్తున్నవా? గెలిచినదానివి గెలిచినట్టు తిను. నా ముందర పెట్టి ఆడుకోకు.”

“ఆడుకుంటలేను మేడం. ఒక మాట అడగనీకి వచ్చిన. ఆ మాటకోసమే జట్టును తీస్కొని వచ్చిన.” గొంతు చాలా చిన్నగా ఉంది. “ఆ ఏడు నాకు తలకాయ ఇచ్చినవ్ గదా. ఇచ్చినంక ఒక్క కబురు గూడ పంపలే. అది నిజంగ ఇచ్చినట్టేనా?”

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. వాళ్ల ఊళ్లో వేటకు పోతే ఒక పెద్ద ఉంటాడు. ఎవరి బాణం తగిలినా తలకాయ ఆయనదే. ఆయన బతుకులో ఒక్కసారి, తన తర్వాత ఎవరు పెద్ద కావాలో వాళ్ల చేతుల్లో తన చేతులతో తలకాయ పెడతాడు. మాట అక్కర్లేదు, పెడితే చాలు.

“నువ్వు మాట గూడ అన్నవ్. ‘పట్టు, ఇది నీదే’ అన్నవ్. ఊరికి తీస్కపోయిన. ఊరందరు తలా ముక్క తిన్నరు. అప్పటికి మా అయ్య నాకు పెండ్లి ఖాయం జేసిండు. తలకాయ జూసి ఆ పెండ్లోళ్లకు వద్దని కబురు పంపిండు. పిల్లకు పెద్దరికం వచ్చింది, ఇంక దాని తోవ అది అన్నడు. అప్పటిసంది నాకు ఇదే పని.”

ఆశ్రమ పాఠశాల, కిరందుల్, లైసెన్సు, నీలం ట్రాక్‌సూటు, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. నన్ను కాలుస్తున్న నిప్పు నేను పెట్టిందే!

“ఓసి పిచ్చిదానా, బూట్లు ఖరాబైతయని పట్టి నీ మీదికి తోసేసిన్నే!” అన్నాను. “నేను నీసు ముట్టను. నీకు ఎర్క లేదా?”

“ఎర్కే. ముట్టనిదానివి నా కోసం ముట్టినవ్ అనుకున్న. కానీ ఇయ్యాల ఆట మొత్తం నువ్వు నన్ను జూసిన చూపు చూసిన మేడం. ఇచ్చినోళ్లు గట్ల చూడరు.”

ఆ మాట తిన్నగా వచ్చి గుండెల్లో దిగింది. దిగినా నా నోరు ఊరుకుంటుందా? “ఇయ్యలేదు. నేను ఇయ్యలేదు. తిరిగియ్యి!” అన్నాను, చిన్నపిల్లలా, రెండు జట్ల ముందు.

ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మెడలోంచి విజిల్ తీసి ఆకు పక్కన ఇసుకలో పెట్టింది.

“పెద్ద బతికుంటే ఎన్కకు తీస్కోవచ్చు. కానీ తినాలె. నువ్వు ఒక్క ముక్క తింటే తలకాయ నీదే. మా అయ్యకు నేను చెప్పుకుంట. రేపటిసంది విజిల్ పట్ట.”

పట్టదు, నాకు తెలుసు. అన్నదంటే అన్నదే, శబరిలో దూకిన పిల్ల. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నదంతా ఆకులో ఉంది, ఒక్క ముద్ద దూరంలో.

చెయ్యి పెట్టాను. దవడ దగ్గర ముక్క తుంచాను. వేడిగా, జిగటగా ఉంది. మా అమ్మ గుర్తొచ్చింది, మా ఇంటి గడప గుర్తొచ్చింది, అయినా చెయ్యి పైకి లేచింది. అసూయ ఎంతటిదంటే, కులం, వంశం, మడి ఏవీ దానికి అడ్డం రాలేదు. ముక్క నా పెదవుల దాకా వచ్చింది. తినేదాన్నే. ఒట్టు, తినేదాన్నే.

అప్పుడు కిందకు చూశాను. ఆ పిల్ల బూట్లు విప్పి కూర్చుంది. ముఖంలో ఏమీ లేదు, రాయిలా ఉంది. కాలి బొటనవేలు మాత్రం ఇసుకలో గుచ్చి తిప్పుతోంది, తిప్పుతోంది, ఆపడం లేదు.

భయపడుతోంది. ఇంత ఎత్తుకు ఎదిగిన పిల్ల, నేను ఎక్కడ తినేస్తానో అని నన్ను చూసి భయపడుతోంది. గడ్డి మైదానమూ లైట్లూ లైసెన్సూ కాదు, నేను బూట్లకు జడిసి తోసేసిన ఆ తలకాయ మీదే ఇన్నేళ్లూ నిలబడింది.

నా చెయ్యి నా నోటి దగ్గర నుంచి దిగింది. “నోరు తెరువ్,” అన్నాను. తెరవలేదు, నా ముఖంలోకే చూస్తోంది. “తెరువ్వే! ఈపాలి బూట్ల కోసం కాదు. కండ్లు తెరిచి ఇస్తున్న.” ముక్క దాని నోట్లో పెట్టాను. నమలడం మొదలుపెట్టింది, కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలుతుంటే తుడుచుకోకుండా నమిలింది. ఇసుకలో వేలు ఆగిపోయింది.

మంట చల్లారిందా అంటే, ఏం చల్లారుతుంది? ఆ నీలం ట్రాక్‌సూటు చూస్తే ఇప్పటికీ మండుతుంది. కొవ్వు జిగట వేళ్లు ఇసుకలో రుద్దుకున్నాను. పక్కనే విజిల్ ఉంది, ఇత్తడిది, మంచి బరువైనది. దాన్ని తీసి చేతిలో పట్టుకున్నాను. ఒకసారి ఊదాలనిపించింది. వెంటనే ఆ పిల్ల ఒళ్లో పడేశాను.

“తీస్కో, జల్దీ మెడలో ఏసుకో,” అన్నాను. “ఇంకొంచెంసేపు నా చేతిలో ఉంటే నేను ఇయ్యను.”